అటక మీది వీడియో గేమ్‌ను మళ్లీ ఆడించడం ఎలా

పోయిన వేసవిలో తణుకులో మా అమ్మమ్మగారి ఇల్లు సర్దుతుంటే అటక మీద, ఆవకాయ జాడీల వెనక, ఒక పాలిథిన్ సంచి దొరికింది. లోపల మా వీడియో గేమ్ ఉంది. తెల్ల ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారింది. రిమోట్ల వైర్లు మేము చివరిసారి చుట్టి పెట్టినట్టే ఉన్నాయి. దాన్ని మళ్లీ ఆడించడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ అటక మీదా అలాంటి సంచి ఉంటే, పాత సామాన్లవాడికి వేసే ముందు ఇది చదవండి.

ముందు, మీ చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోండి

1990లలో మన ఊళ్లలో సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో ఈ పెట్టెలు దొరికేవి. పైన పేరు ఏదైనా లోపలి పనితనం ఒక్కటే. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జులై 15న విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు ఇవన్నీ నకళ్లు. 8 బిట్ ప్రాసెసర్, పని చేసుకోవడానికి 2 కిలోబైట్ల మెమరీ, తెర మీద అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు. అంతే సరుకు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. అందులో 32 స్టేజీలు, పాటలు, నేల కింది దారులు, చివర నిప్పులు కక్కే తాబేలు రాజు, అన్నీ ఉన్నాయి. చోటు మిగిల్చుకోవడానికి ఆకాశంలో మేఘానికీ నేల మీది పొదకూ ఒకే బొమ్మ వాడి, రంగు మాత్రం మార్చారు. ఈ సంగతి తెలిశాక ఆ ఆటను చేసిన షిగెరు మియమోటో, తకాషి తెజుకా మీద నాకు గౌరవం రెట్టింపైంది.

మరమ్మతుకు ఇది ఎందుకు కావాలంటే, భాగాలు తక్కువ కాబట్టి పాడయ్యేవీ తక్కువే. పచ్చ బోర్డు మీద నల్ల జిగురు ముద్దలా కనిపించేదాని కింద అసలు చిప్ ఉంటుంది. అది పోతే చేయగలిగింది లేదు. కానీ ‘పనిచేయదు’ అని పక్కన పెట్టిన పెట్టెల్లో తప్పు తరచుగా అడాప్టర్‌లోనో, ఆట ఉండే క్యాసెట్ అంచులోనో, వైర్‌లోనో ఉంటుంది. ఇవన్నీ ఇంట్లో సరిచేసుకోగలిగినవే.

కావలసిన సామాను: చిన్న స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరు, చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇవన్నీ కోఠి ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. పాత అడాప్టర్లు, రిమోట్లు కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపికగా వెతకాలి.

మొదటి అడుగు: స్విచ్ వేయకండి, విప్పండి

దొరికిన ఆనందంలో నేరుగా ప్లగ్‌లో పెట్టాలనిపిస్తుంది. ఆగండి. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న పెట్టెలో బల్లి గుడ్లు, బొద్దింకల రెట్ట, చెమ్మకు పట్టిన తుప్పు ఉండవచ్చు. వాటిలో ఏదైనా రెండు తీగలను కలిపిందంటే, బాగున్న చిప్ కూడా మీ కళ్ల ముందే పోతుంది.

అడుగు భాగంలో నాలుగైదు మరలు ఉంటాయి. ఒక్కోటి తీసి వరుసగా కాగితం మీద పెట్టుకోండి. మూత తీయగానే ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ రంగు వైరు ఎక్కడ అతికి ఉందో రేపు గుర్తుండదు. పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. తర్వాత నిలువుగా, గొట్టాల్లా ఉండే కెపాసిటర్లను చూడండి. పైభాగం చదునుగా ఉంటే మంచిదే. ఉబ్బినా, కాళ్ల దగ్గర గోధుమరంగు మరక కనిపించినా మార్చాలి. కొత్తదాని మైక్రోఫారడ్ అంకె పాతదానితో సమానంగా ఉండాలి. వోల్టు అంకె సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు. పక్కన గీత ఉన్న కాలు రుణం (మైనస్), అది ఏ రంధ్రంలో ఉందో చూసుకుని అలాగే పెట్టాలి. టంకం వేయడం అలవాటు లేకపోతే ఈ ఒక్క పని మాత్రం రేడియో, టీవీ బాగుచేసేవారితో చేయించండి. పది నిమిషాల పని.

రెండో అడుగు: అడాప్టర్ (అన్నిటికంటే ముఖ్యం)

ఈ పెట్టెలు మరమ్మతు సమయంలోనే చచ్చిపోవడానికి పెద్ద కారణం తప్పుడు అడాప్టర్. మన ఇళ్లలో ఇప్పుడు వైఫై పెట్టెవీ సెట్‌టాప్ బాక్సువీ కలిపి అరడజను అడాప్టర్లు ఉంటాయి. మూతి సరిపోయింది కదా అని గుచ్చేస్తాం. అయితే ఈ ఆట పెట్టెల్లో కొన్నింటికి మూతి మధ్యలో రుణం, బయట ధనం (ప్లస్) ఉండాలి. ఇప్పటి అడాప్టర్లు ఎక్కువగా దానికి తిరగేసి ఉంటాయి.

ముందు పెట్టెకు ఏది కావాలో తెలుసుకుందాం. అడుగున కాగితం మీద చిన్న వృత్తం బొమ్మతో ధన, రుణ గుర్తులు ఉంటే పని సులువు. కాగితం చిరిగిపోతే బోర్డు మీద మూడు కాళ్ల భాగం ఒకటి వెతకండి. దాని మీద 7805 అని ఉంటుంది, వీపున ఒక లోహపు రేకు ఉంటుంది. వచ్చిన కరెంటును 5 వోల్టులకు దించి చిప్‌కు అందించేది ఇదే. దీని మధ్య కాలు రుణం. మల్టీమీటర్‌ను శబ్దం చేసే స్థానంలో పెట్టి, ఒక కొనను ఆ మధ్య కాలికి, రెండో కొనను అడాప్టర్ గుచ్చే రంధ్రంలోని లోపలి పిన్నుకు, తర్వాత బయటి రేకుకు తాకించండి. ఏది తాకినప్పుడు మోగుతుందో అది రుణం. రెండూ మోగకపోతే మధ్యలో డయోడ్లు ఉన్నాయని అర్థం. తెలిసినవారికి చూపించండి, ఊహించి ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు అడాప్టర్. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి ఎర్ర కొన మూతి లోపల, నల్ల కొన బయట ఉంచండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే మధ్యలో రుణం. బరువైన పాత అడాప్టర్ మీద 9 వోల్టులు అని రాసి ఉన్నా మీటరు 12 పైన చూపించవచ్చు. భారం లేనప్పుడు వాటి తీరే అంత. కొత్తది కొనేటట్లయితే 9 వోల్టులు, కనీసం 500 మిల్లీఆంపియర్లు ఉన్నది తీసుకోండి.

అన్నీ సరిపోయాక, క్యాసెట్ లేకుండా స్విచ్ వేసి 7805 మధ్య కాలికీ మూడో కాలికీ (అంకెలు మీ వైపు ఉన్నప్పుడు కుడివైపుది) మధ్య కొలవండి. 4.8 నుంచి 5.2 వోల్టుల మధ్య ఉంటే సగం యుద్ధం గెలిచినట్టే. నాకు మొదటి ఆదివారం ఇక్కడితో అయిపోయింది. మీటరు మీద 5.02 కనిపించినప్పుడు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

మూడో అడుగు: క్యాసెట్లు

క్యాసెట్ పనిచేయకపోతే బయటికి తీసి, మౌత్ ఆర్గన్ ఊదినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. ఎవరూ నేర్పకపోయినా ప్రపంచంలో ఈ పెట్టె ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లలు ఇదే చేశారు. ఊదిన తర్వాత చాలాసార్లు ఆట వచ్చేది కూడా. అసలు పని చేసింది ఊపిరి కాదు, తీసి మళ్లీ గుచ్చడం. అప్పుడు రాగి రేకులు కొత్త చోట ఆనుకుంటాయి. ఊపిరిలోని తేమ మాత్రం మెల్లగా ఆ రేకులను తినేస్తుంది. ఊదవద్దని నింటెండోవారే చెప్పారు. కాబట్టి ఎంత ఆశపుట్టినా ఇప్పుడు ఊదకండి.

క్యాసెట్ అంచున వరుసగా కనిపించే రేకుల మీద తెల్ల రబ్బరుతో పొడవునా మెల్లగా రుద్దండి. నల్లని మురికి రబ్బరుకు అంటుకుంటుంది. రబ్బరు పొట్టు దులిపి, దూది పుల్లను ఆల్కహాల్‌లో తడిపి రెండు వైపులా తుడవండి. దూది తెల్లగా మిగిలే వరకు కొత్త పుల్లలు మారుస్తూ ఉండండి. గరుకు కాగితం వాడకండి, రేకు మీది పూత లేచిపోతుంది. కిరోసిన్, కొబ్బరినూనె వంటివీ వద్దు.

పెట్టెలోని గాడిని శుభ్రం చేయడానికి తేలికైన ఉపాయం ఉంది. శుభ్రం చేసిన క్యాసెట్ అంచుకు కొద్దిగా ఆల్కహాల్ రాసి, స్విచ్ తీసేసి ఉన్నప్పుడు పదిసార్లు గుచ్చి తీయండి. ప్రతిసారీ అంచు తుడవండి. గంటసేపు ఆరనివ్వండి. స్విచ్ వేసి ఉండగా క్యాసెట్ తీయడం, గుచ్చడం ఎప్పుడూ చేయకండి.

మన క్యాసెట్లకు 60 పిన్నులు, అమెరికాలో అమ్మిన నింటెండో క్యాసెట్లకు 72. విదేశాల్లో ఉన్న మీవాళ్లతో పాత క్యాసెట్ తెప్పించుకునేటట్లయితే ఈ తేడా ముందే చెప్పండి. ‘9999999 ఆటలు ఒకటిలో’ అని రాసి ఉన్నవాటి గురించి కూడా ఒక మాట. అందులో నిజంగా ఉండేవి కొద్ది ఆటలే, వాటినే పేర్లూ స్టేజీలూ మార్చి పదేపదే చూపిస్తారు. జాబితాలో పేజీలు తిప్పుతూ కూర్చున్న ఆ వేసవి మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ ఇష్టమే. కింద ఇంకా ఏదో గొప్ప ఆట ఉందన్న నమ్మకం అప్పుడు నిజమైనదే.

నాలుగో అడుగు: రిమోట్లు

వీటిని జాయ్‌స్టిక్ అన్నా, మేము రిమోట్ అనే అనేవాళ్లం. వెనక మరలు తీస్తే రబ్బరు పొర కనిపిస్తుంది. ప్రతి బటన్ కింద ఆ రబ్బరుకు నల్లని కార్బన్ బిళ్ల ఉంటుంది. నొక్కినప్పుడు అది బోర్డు మీది రెండు గీతలను కలుపుతుంది. బటన్ గట్టిగా నొక్కితే గానీ పలకడం లేదంటే గీతల మీద మురికి ఉంది, లేదా కార్బన్ అరిగింది. మురికైతే ఆల్కహాల్‌తో పోతుంది. అరిగితే, పాత టీవీ రిమోట్ రబ్బరు నుంచి మంచి బిళ్ల కోసి అతికించవచ్చు. అరగని సెలెక్ట్ బటన్ బిళ్లను తెచ్చి ఎ బటన్ కింద పెట్టడం ఇంకా సులువు.

అసలు బటన్లే పలకకపోతే వైరు తెగి ఉంటుంది. రిమోట్‌లోకి వైరు దిగే చోట వంచి వంచి తెగడం మామూలే. అక్కడ రెండంగుళాలు కోసేసి, రంగులు చూసుకుంటూ తిరిగి అతికించాలి.

ఆ రోజు విప్పుతుంటే నేను గమనించినది ఒకటి ఉంది. రెండో రిమోట్‌కు స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు. జపాన్‌లోని అసలు యంత్రం నుంచే అలా వచ్చింది. మా అన్నయ్య ఎప్పుడూ మొదటిది తీసుకుని నాకు రెండోది ఇచ్చేవాడు. స్టార్ట్ లేని రిమోట్ అంటే తక్కువదని నాకు బాగా కోపంగా ఉండేది. విప్పి చూస్తే మొదటిదానిలో ఎ బటన్ కింద కార్బన్ పూర్తిగా పోయి తెల్ల రబ్బరు కనిపిస్తోంది. నాది మాత్రం కొత్తదానిలా ఉంది.

ఐదో అడుగు: ఇప్పటి టీవీకి కలపడం

పెట్టె వెనక పసుపు, తెలుపు రంధ్రాలు ఉంటే, టీవీకి ఏవీ (AV) అని రాసి ఉన్న చోట కలపండి. పసుపు బొమ్మకు, తెలుపు శబ్దానికి. చాలా కొత్త టీవీల్లో మూడు రంధ్రాలకు బదులు హెడ్‌ఫోన్ రంధ్రం లాంటిది ఒక్కటే ఉంటుంది. దానికి టీవీతో పాటు వచ్చిన చిన్న వైరే వాడండి. బజారులో కొన్నదానిలో లోపలి వరుస వేరుగా ఉండి బొమ్మ రాకపోవచ్చు. అప్పుడు పసుపు పిన్నును ఎర్ర రంధ్రంలో పెట్టి చూడండి, చాలాసార్లు వచ్చేస్తుంది.

ఆ ఏవీ రంధ్రాలు లేని పెట్టెకు ఒకే ఒక యాంటెన్నా వైరు ఉంటుంది. దాన్ని టీవీ యాంటెన్నా రంధ్రంలో పెట్టి, ఆట నడుస్తుండగా అనలాగ్ ఛానళ్ల వెతుకులాట నడపండి. ఒకచోట ఆట వచ్చి ఆగుతుంది.

టీవీలో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె కొనాలి. దానికి విరుద్ధంగా, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేవి కూడా అచ్చం అలాగే ఉంటాయి. దుకాణంలో అడిగి, చూసి తీసుకోండి. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి, లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి మారియో ఎగిరి గోతిలో పడతాడు. తెర నిష్పత్తిని 4:3కు మార్చండి. సాగదీసిన మారియోను చూసి తృప్తి పడకండి.

నా సలహా మాత్రం పాత డబ్బా టీవీయే. బంధువుల ఇళ్లలో అడిగితే ఒకటి ఉచితంగానే దొరుకుతుంది. ఆ ఆటల రంగులు ఆ గాజు తెర కోసమే కుదిర్చినవి. చుక్కలు ఒకదానిలోకి ఒకటి కరిగి బొమ్మ నిండుగా కనిపిస్తుంది. టీవీ పాడైతే మాత్రం వెనక మూత మీరు తీయకండి. పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీసిన తర్వాత కూడా మిగిలి ఉండవచ్చు.

బాతులను కొట్టే గన్ మీ దగ్గర ఉంటే డబ్బా టీవీ తప్పనిసరి. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. గన్ మూతిలోని కన్ను ఆ వెలుగును చూస్తే గురి తగిలినట్టు. కొత్త టీవీల్లో ఆ మెరుపు ఆలస్యంగా వస్తుంది కాబట్టి గన్‌కు ఏమీ కనిపించదు. అన్నట్టు, డక్ హంట్ అనే ఈ బాతుల ఆటలో ఒకే బాతు వచ్చే ఆటలో రెండో ఆటగాడు రిమోట్‌తో ఆ బాతును నడిపించవచ్చు. చిన్నప్పుడు నాకు ఇది తెలియనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఆరో అడుగు: ఏ ఆటతో మొదలుపెట్టాలి

మారియోతో. బొటనవేళ్లకు దారి అదే గుర్తొస్తుంది. మొదటి స్టేజీలో నాలుగో గొట్టంలోకి దిగితే నాణేల గది, ఆ గొట్టం దాటగానే గాలిలో దాగి ఉన్న లైఫ్. రెండో స్టేజీ చివర పైకప్పు మీదుగా నడిచి వెళ్తే 2, 3, 4 ప్రపంచాలకు (నాలుగు స్టేజీలు కలిస్తే ఒక ప్రపంచం) నేరుగా తీసుకెళ్లే గొట్టాలు. మూడో ప్రపంచం మొదటి స్టేజీ చివర మెట్ల మీద తాబేలును తొక్కుతూ లైఫ్‌లు పెంచుకునే కిటుకు మీకు గుర్తుండే ఉంటుంది. 127 దాటి పెంచకండి. లెక్క తిరగబడి, ఒక్కసారి పడగానే ఆట ముగుస్తుంది. ఆట అయిపోయాక మొదటి తెర మీద ఎ పట్టుకుని స్టార్ట్ నొక్కితే, ఓడిన ప్రపంచం మొదటి స్టేజీ నుంచి ఆడవచ్చు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎన్ని వేసవులు ఆదా అయ్యేవో.

తర్వాత కాంట్రా, ఇద్దరు కలిసి తుపాకులతో కాల్చుకుంటూ సాగే ఆట. చాలా క్యాసెట్లలో మొదటి తెర మీద ఇది పనిచేస్తుంది: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ, ఇద్దరైతే సెలెక్ట్, ఆపై స్టార్ట్. ఒక్కొక్కరికి 30 లైఫ్‌లు. ఈ వరుసను కొనామీ కంపెనీలో కజుహిసా హషిమొతో 1986 నాటి గ్రాడియస్ ఆట కోసం పెట్టారు. ఆయన 2020లో మరణించారు. మూడో స్టేజీ జలపాతం దగ్గర జాగ్రత్త. ఒకరు ముందు ఎక్కేస్తే తెర పైకి జరిగి, కింద ఉన్నవారు చచ్చిపోతారు. మా ఇంట్లో అసలు గొడవలన్నీ అక్కడే.

ట్యాంకుల ఆట, అంటే 1985 నాటి బ్యాటిల్ సిటీ, ఇద్దరు ఆడేవాటిలో నాకు అన్నిటికంటే ప్రియం. పొరపాటున తోటివాడి ట్యాంకును కొడితే అది కాసేపు కదలదు. మీరే ఇటుకలు పేర్చి స్టేజీ కట్టుకోవచ్చు. రోడ్ ఫైటర్, ఎక్సైట్‌బైక్, సర్కస్ చార్లీ, అడ్వెంచర్ ఐలాండ్ మీ ఇష్టప్రకారం.

పెట్టె బతకకపోతే

నల్ల ముద్ద కింది చిప్ పోయి ఉంటే బాధపడి ఆగిపోకండి. కాంట్రా ఆటలను కొనామీవారే 2019లో ఒక సంపుటిగా కంప్యూటర్‌కూ కొత్త యంత్రాలకూ తెచ్చారు. కంప్యూటర్‌లో మెసెన్ వంటి ఎమ్యులేటర్, అంటే పాత పెట్టెను అనుకరించే ప్రోగ్రామ్ కూడా వాడుకోవచ్చు.

అలా ఆడినప్పుడు చాలామందికి ఏదో తేడా తోస్తుంది. ఆట మరీ పరుగెత్తుతున్నట్టు, వయసు మీద పడి చేతులు అందుకోలేకపోతున్నట్టు అనిపిస్తుంది. చేతుల తప్పు కాదు. జపాన్, అమెరికా టీవీల్లో బొమ్మ సెకనుకు 60 సార్లు మారేది. పాల్ అనే పద్ధతిలో నడిచే మన టీవీల్లో 50 సార్లే. ఆ టీవీల కోసం తయారైన పెట్టెల్లో అదే ఆట ఆరింట ఐదు వంతుల వేగంతో, సంగీతం కాస్త నెమ్మదిగా నడిచేది. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో ప్రాంతం అని ఉన్నచోట డెండీ అన్నది ఎంచుకోండి. అది రష్యాలో అమ్ముడైన ఇలాంటి పెట్టె పేరు, దానిదీ ఈ 50 సార్ల లెక్కే. ఎంచుకున్న వెంటనే మారియో పాట మీరు విన్న వేగానికి వస్తుంది. నాకు ఒళ్లు జలదరించింది.

చివరి అడుగు: రెండో రిమోట్, ఒక నోటుపుస్తకం

పెట్టె సిద్ధమయ్యాక ఒక్కరే కూర్చుని ఆడి మూసేయకండి. అప్పట్లో పక్కన కూర్చున్నవారిని పిలవండి, అక్కయినా బావయినా పక్కింటి స్నేహితుడైనా సరే. ఆడుతున్నప్పుడు వాళ్ల నోట వచ్చే మాటలు మామూలుగా అడిగితే రావు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఆ రాత్రే రాయండి: ఏ ఆటను ఇంట్లో ఏ పేరుతో పిలిచేవారు, క్యాసెట్ ఎవరితో మార్చుకున్నారు, కరెంటు పోయినప్పుడు ఎవరు ఏ స్టేజీలో ఉన్నారు, టీవీ కట్టేయమని అరిచింది ఎవరు. ఒకే సంఘటన ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. తేదీ వేయండి.

సంక్రాంతికి అన్నయ్య డల్లాస్ నుంచి వచ్చాడు. కాంట్రా పెట్టి, బాగుచేసిన మొదటి రిమోట్ ఇచ్చాను. ఎ బటన్ రెండుసార్లు నొక్కి చూసి, “ఇది పనిచేస్తోందే!” అన్నాడు. కొన్న రెండో నెలకే అది సరిగ్గా పలకడం మానేసిందట. గట్టిగా అదిమితేనే ఎగిరేదట. “నీ చిన్న వేళ్లకు అంత బలం ఉండేది కాదు. అందుకే దాన్ని నేను ఉంచుకుని నీకు మంచిది ఇచ్చాను” అన్నాడు. ఆ రాత్రి నోటుపుస్తకంలో మొదటి పేజీలో అది రాసుకున్నాను.